పిల్లికి షుగరొస్తే...

ఉదయం ఏడు గంటలు. తాతయ్యకు ఇన్సులిన్‌ వేయడం అయ్యాక ఆ ఇంట్లో మరొకరి వంతు వస్తుంది. ఆ మరొకరు గిన్నె ముందు కూర్చుని ఆకలని గొడవ చేస్తుంటారు... పిల్లిగారు! వినడానికి వింతగా ఉన్నా మధుమేహం పిల్లులకూ వస్తుంది. నడివయసు దాటినవాటికీ, ఇంటిపట్టునే ఉండి ఒళ్లు చేసినవాటికీ ఎక్కువ. మగపిల్లుల్లో మరీనూ. నీళ్లు తెగ తాగడం, పదేపదే మూత్రం పోయడం, బాగా తింటున్నా చిక్కిపోవడం దీని లక్షణాలు. కొన్నయితే వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి.

సూది వేయడం నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. అసలు చిక్కంతా డోసు దగ్గరే.

ఆ ఒక్క అంకె చాలదు

రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో ఇన్సులిన్‌ ఇస్తారు. చాలా పిల్లులకు ఒక్క యూనిట్‌తోనే మొదలుపెడతారు. వారం గడిచినా పొద్దున్నే మీటర్లో 350 కనిపిస్తే ఇంట్లోవాళ్లకు మనసాగదు. 'ఇంకో యూనిట్‌ పెంచితే పోలా' అనిపిస్తుంది. ప్రమాదమంతా అక్కడే! ఎందుకంటే అది రాత్రి ఇచ్చిన మందు పనితనం తగ్గిపోయాక వచ్చిన అంకె. సూది వేసిన ఆరేడు గంటలకు అదే పిల్లికి చక్కెర 60కి పడిపోతూ ఉండొచ్చు. ఆ వేళకు ఇంట్లో అందరూ నిద్రలోనో ఆఫీసులోనో ఉంటారు. సంగతి తెలియక డోసు పెంచితే అది ఇంకా కిందికి జారిపోతుంది.

అందుకే పశువైద్యులు రోజంతా అంకెలు రాసి తెమ్మంటారు. సూదికి ముందు ఒకసారి, తర్వాత రెండు గంటలకోసారి చొప్పున పన్నెండు గంటలపాటు చెవి అంచు నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించాలి. ముందుగా గోరువెచ్చని గుడ్డతో చెవిని అద్దితే రక్తం తేలిగ్గా వస్తుంది. వీటిలో అన్నిటికన్నా తక్కువగా వచ్చిన అంకే డోసును నిర్ణయించడంలో కీలకం. అది మామూలుగా 80-150 మధ్య ఉండేలా చూస్తారు. పెంచినా తగ్గించినా సాధారణంగా అర యూనిట్‌ చొప్పునే. పెంచాక మళ్లీ పెంచడానికి దాదాపు వారం ఆగుతారు.

ఆ పరీక్షలేవో ఆసుపత్రిలోనే చేయించొచ్చుగా అంటారా? పిల్లికి బెదురెక్కువ. కొత్త చోట భయానికే దాని షుగరు అమాంతం పెరిగిపోతుంది. అందుకే ఇంట్లో సోఫా మీద తీసిన అంకెలకు విలువెక్కువ. అయితే మనుషుల గ్లూకోమీటర్‌ పిల్లి రక్తంలోని చక్కెరను సాధారణంగా కాస్త తక్కువ చేసి చూపిస్తుంది. ఏ మీటరు వాడుతున్నారో డాక్టరుకు చెప్పాలి. మధ్యలో మార్చకూడదు.

సిరంజీ చూశారా?

మన దగ్గర మనుషులు వాడే ఇన్సులిన్‌ సీసాలు చాలావాటిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి. పిల్లులకు తరచూ రాసే గ్లార్జిన్‌లో సాధారణంగా 100. ఎర్రమూత సిరంజీ 40 రకానికి, నారింజరంగు మూతది 100 రకానికి. గ్లార్జిన్‌ను పొరపాటున తాతయ్య ఎర్రమూత సిరంజీలో రెండు యూనిట్ల గీత వరకు తీస్తే లోపలికి వెళ్లేది రెండు కాదు, ఐదు యూనిట్లు! నాలుగు కిలోల ప్రాణికి అది పెద్ద గండమే.

తూలుతుంటే...

పిల్లి తూలుతున్నా, వణుకుతున్నా, నీరసంగా పడిపోయినా చక్కెర తగ్గిందేమోనని అనుమానించాలి. తినగలిగితే వెంటనే తిండి పెట్టాలి. లేదంటే చిగుళ్లకు కాస్త తేనె రాసి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఫిట్స్‌ వస్తుంటే నోట్లో ఏమీ పోయకూడదు. అసలు తిండే ముట్టని పూట డాక్టరును అడక్కుండా మామూలు డోసు వేయకూడదు. ఇంట్లో ఎవరైనా అప్పటికే సూది వేశారో లేదో తేలకపోతే మళ్లీ వేయొద్దు. ఒక పూట తప్పితే సర్దుకోవచ్చు, రెండుసార్లు పడితే ప్రాణం మీదికొస్తుంది. వేసిన వెంటనే ఫ్రిజ్‌ తలుపు మీది కాగితంలో టిక్కు పెడితే ఈ గందరగోళం ఉండదు.

ఇందులో ఓ తీపి కబురూ ఉంది. పాలన్నం మానిపించి, డాక్టరు సలహాతో పిండిపదార్థాలు తక్కువగా, మాంసకృత్తులు ఎక్కువగా ఉండే ఆహారం పెడుతూ క్రమం తప్పకుండా ఇన్సులిన్‌ ఇస్తే కొన్ని పిల్లులకు కొన్ని నెలల్లోనే సూది అవసరం లేకుండా పోతుంది. చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఆ అవకాశం అంత ఎక్కువ. కానీ ఆ మంచిరోజు చెప్పి రాదు. నిన్నటిదాకా సరిపోయిన డోసే ఇవాళ ఎక్కువైపోవచ్చు. కాబట్టి అంతా బాగుందనిపించినప్పుడూ ఆ చెవి దగ్గర చుక్క రక్తం తీసి చూడాల్సిందే!