పియానో పాటకు ఇత్తడి గొంతు

ఇత్తడి వాద్యాలనగానే మనవాళ్లకు పెండ్లి ఊరేగింపులో ముందు నడిచే బ్యాండుమేళం జ్ఞప్తికి వస్తుంది. పాశ్చాత్య దేశాలలో అవే వాద్యాలతో అయిదుగురు కూర్చుండి చేసే చిన్న కచ్చేరీలు కూడ ఉన్నవి. రెండు ట్రంపెట్లు, ఒక ఫ్రెంచి హారను, ఒక ట్రాంబోను, ఒక ట్యూబా, ఇంతే మేళం. వీరు స్పెయిను దేశపు పియానో కృతులను కూడ తమ వాద్యాలకు మార్చుకొని వాయిస్తారు. పియానోకు 88 మెట్లు, వాయించేవానికి 10 వేళ్లు. ఇక్కడ ఉన్నవి 5 గొంతులు. అంత సంగీతం ఇందులో ఎట్లు ఇముడుతుందో పాఠక సోదరీ సోదరులకు కొంచెం వివరింపదలచినాము.

ఇసాక్ అల్బేనిస్ (1860–1909) రచించిన ‘అస్తూరియాస్’ను ఉదాహరణగా తీసుకొందాము. రచయిత దీనికి పెట్టిన పేరు ‘ప్రెలూద్’ మాత్రమే. ఆయన గతించిన తరువాత జర్మనీ ప్రచురణకర్త అస్తూరియాస్ అన్న పేరు తగిలించినాడు. అస్తూరియాస్ స్పెయినుకు ఉత్తరపు సీమ. పాట నడకయో, దక్షిణాన ఆండలూసియాలో వినిపించే గిటారుది. తాతల ఊరిని ఇంటిపేరులో ఉంచుకొని తరాలుగా వేరొక సీమలో కాపురమున్న మనకు ఇది వింతగా తోచదు గదా!

గిటారును తలపించేటట్లు పియానోకు వ్రాసిన పాట గనుక గిటారు విద్వాంసులు దానిని తమ వాద్యానికి తెచ్చుకొన్నారు. తీగలు అనుకూలించుటకై జి మైనరు శ్రుతి నుండి ఇ మైనరుకు మార్చుకొన్నారు. ఇత్తడి మేళానికి ఆ అవసరం లేదు. సాధారణపు ట్రంపెట్టులో ‘సి’ అని చూచి ఊదితే చెవికి ‘బి ఫ్లాటు’ వినబడుతుంది. కావున వాయించేవానికి స్వరాలు ఒక మెట్టు పైకి వ్రాసి ఇవ్వవలె. అట్లు వ్రాస్తే జి మైనరు అతని కాగితం మీద ఎ మైనరు అవుతుంది. ఆరంభంలో ఒక్క షార్పు గాని, ఫ్లాటు గాని ఉండదు.

చిక్కు వేరొక చోట ఉన్నది. ఈ పాట మొదట్లో ఒకే స్వరం ఆగకుండా టకటక మ్రోగుతూ ఉంటుంది. దాని నడుమ రాగం నడుస్తుంది. వేళ్లకు ఊపిరి అక్కరలేదు, ట్రంపెట్టువానికి కావలె. ఆ పని ఒక్కనికే అప్పగిస్తే నాలుగు పంక్తులకే పెదవి అలసిపోతుంది. కొంతసేపు ఒకరు, కొంతసేపు మరొకరు అందుకొనేటట్లు పంచవలె. బాకా మూతికి మ్యూటు పెడితే ధ్వని సన్నగిలి, గిటారు మీటుకు దగ్గరగా వస్తుంది.

పియానో స్వరం కొట్టిన క్షణం నుండి తగ్గిపోతుంది. ఊపిరి పోసినంతసేపు బాకా స్వరం నిలుస్తుంది. పియానో కాగితంలో ఉన్న నిడివినే ఇక్కడ వ్రాస్తే పాట బరువెక్కి కూర్చుంటుంది. కనుక పొట్టి స్వరాలే వ్రాయవలె. రెండు చేతులతో కొట్టిన పెద్ద స్వరకూటములలో ఒకే స్వరం రెండు మూడు చోట్ల ఉంటుంది. వాటిని తీసివేసి, అడుగు స్వరం, రాగం, మైనరో మేజరో తెలిపే స్వరం మిగిల్చితే చాలు. నడుమ భాగంలో రాగం ఒంటరిగా, పాడేవాని గొంతువలె సాగుతుంది. దానిని హారనుకు వదలి తక్కినవారు మిన్నకుండుట మేలు.

పగలంతా రెండు భాషల కాగితాల నడుమ గడిపే మావంటి గుమాస్తాలకు ఈ సంగతి బాగా తెలుసు. మాటకు మాట దించితే అర్జీదారుని మొర పై అధికారికి అందదు. ఏది వదలవచ్చునో, ఏది వదలరాదో ఎరిగి వ్రాస్తేనే అందుతుంది. వీలున్నవారు ఈ పాటను మొదట పియానో మీద, తరువాత గిటారు మీద, చివరకు ఇత్తడి మేళంలో వినండి. ఏమి పోయినదో, ఏమి నిలిచినదో మీ చెవులే చెప్పగలవు.