కాయ పండిన ఇల్లు

“వాడి పాచిక పారలేదు” అంటాం. “ఎత్తుకు పైఎత్తు వేశాడు” అంటాం. కాలేజీలో తెలుగు చెప్పుకునే నాకు ఇటువంటి మాటలు పాఠంలో తరచు తగులుతుంటాయి. అర్థం చెబితే పిల్లలు శ్రద్ధగానే రాసుకుంటారు. పాచిక ఎలా ఉంటుందర్రా అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వస్తువు ఇల్లు దాటిపోయింది. మాట ఒక్కటే మిగిలింది.

అష్టాచెమ్మా సంగతే చూడండి. 25 గళ్ళు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. గవ్వలన్నీ వెల్లకిలా పడితే నాలుగు, అది చెమ్మ. అన్నీ బోర్లా పడితే ఎనిమిది, అది అష్ట. చుట్టూ తిరిగి నడిమింటికి చేరిన కాయను గెలిచిందనరు, “పండింది” అంటారు. పొలాన్ని నమ్ముకొని బతికిన జనానికి కాక ఇంకెవరికి తడుతుంది ఆ మాట!

ఈ ఆటల సరంజామా అంతా ఇంట్లోదే. గళ్ళకు ముగ్గుపిండి, కాయలకు విరిగిన గాజుముక్కలు, వామనగుంటలకు చింతగింజలు. ఆ చింతగింజే కొండపల్లి చేరితే చేతిపని అవుతుంది. తెల్లపొణికి కర్రతో చెక్కిన బొమ్మల ముక్కలను అతికే మక్కులో చింతగింజల పొడి, రంపపుపొట్టు కలుస్తాయి.

కాస్త కలిగిన ఇళ్ళలో పచ్చీసుకు గుడ్డ పటం, లక్క కాయలు ఉండేవి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో లక్కపని నేటికీ సాగుతున్నది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను ఒత్తిపడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. పసుపుతో పచ్చరంగు, జాఫ్రా గింజలతో ఎరుపు, నీలిమందుతో నీలం. ఇవన్నీ చెట్టూ చేమా ఇచ్చిన రంగులే.

ఆటకు వేళలూ ఉండేవి. ముక్కోటి ఏకాదశికీ శివరాత్రికీ జాగరణ చేసేవారు వైకుంఠపాళి పరిచేవారు. పుణ్యం నిచ్చెన, పాపం పాము. నిద్రకు నిద్రా ఆగేది, పిల్లలకు నీతీ తెలిసేది. మగవారు రచ్చబండ మీద పులి-మేక గీసుకునేవారు. మూడు పులులను పదిహేను మేకలు కదలకుండా కట్టేయడం ఆ ఆటలో తమాషా.

మా చిన్న నాయనమ్మకు పదేళ్ళు దాటకుండానే పసుపుకుంకుమలు పోయాయట. పేరంటాలకు ఆమెను పిలిచేవారు కారు. శుభకార్యానికి బయలుదేరుతుంటే ఆమె తనంతట తానే తలుపు వెనక్కి తప్పుకునేది. మధ్యాహ్నం గవ్వలు గలగలలాడితే మాత్రం, “పిన్నీ, నువ్వు రాందే ఆట లేదు” అని మా అమ్మ కేకవేసేది. ఆమె చేతి గవ్వ పడినట్లు ఇంకెవరికీ పడేది కాదు. అత్తగారి ముందు నోరెత్తని కోడళ్ళు అక్కడ అత్తగారి కాయనే చంపి పకపకా నవ్వేవారు. ఆచారం గీసిన గీతలను ముగ్గుపిండి గీతలు ఆ గంటసేపూ కప్పేసేవి. సాయంత్రం దీపం పెట్టేవేళకు చీపురుతో ఊడిస్తే, ఎవరి గీత దగ్గరికి వారు వెళ్ళిపోయేవారు. ఆ ఆచారం పోయింది, మంచిదయింది. ఆ గంట కూడా దానితో పోవలసింది కాదు.

పచ్చీసు సముద్రం దాటి 1896లో ఇంగ్లండులో లూడో పేరుతో పేటెంటు పుచ్చుకుంది. వైకుంఠపాళి కూడా అలాగే వెళ్ళి అచ్చు అట్టగా తిరిగి వచ్చింది. అందులో పాములున్నాయి, వాటి పేర్లు లేవు. 2020లో అందరం తలుపులు వేసుకొని కూర్చున్నప్పుడు లూడో ఫోనుల్లో జోరుగా సాగింది. బాగానే ఉంది కాని, ఫోనులో గవ్వ ఓరగా పడదు. పడిందో లేదో తేల్చే పెద్దదిక్కు అక్కరలేదు. తగువు లేదు, తగువు తీరాక వచ్చే నవ్వూ లేదు.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. అయితే తరిణె తిరగాలంటే కొనే ఇల్లు కావాలి. కొన్న కాయలు అద్దాల బీరువాలో కూర్చోకుండా నేలమీదికి దిగాలి. వచ్చే సంక్రాంతి సెలవులకు పిల్లలు వచ్చినప్పుడు ఒక పూట గళ్ళు గీయండి. ఇంట్లో ఏ పనికీ ఎవరూ సలహా అడగని పెద్దావిడ ఉంటే, మొదటి పందెం ఆమెచేత వేయించండి.