రొయ్య ఒకటే... కొనేవాడూ ఒకడే!

సముద్ర ఉత్పత్తుల ఎగుమతి లెక్కల్లో విశాఖపట్నం పేరు దేశంలోనే ముందు వరుసలో ఉంటుంది. ఆ లెక్క పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి ‘అమెరికా వెళ్లే రొయ్యలు ఏ బోటులో దిగాయి?’ అని అడిగితే జెట్టీ మీద జనం నవ్వుతారు. మరబోటు వలకు చిక్కిన రొయ్యకు అమెరికా 2019 నుంచి తలుపులు మూసేసింది. అక్కడికి వెళ్లేదంతా చెరువు సరుకు. భీమవరం, కోనసీమ, నెల్లూరు వైపు చెరువుల్లో పెరిగి, ప్రాసెసింగ్ ప్లాంట్లలో గడ్డకట్టి, మైనస్ 18 డిగ్రీల కంటెయినర్లలో ఇక్కడికి వస్తుంది. ఆ కంటెయినర్లను ఓడకెక్కించే క్రేన్లు హార్బర్‌లో నిలబడితే కళ్లెదుటే కనిపిస్తాయి. ఒకే ఔటర్ హార్బర్‌లో ఉన్న ఈ రెండు రేవులకూ పెద్దగా సంబంధం లేదు.

అడ్డు వచ్చింది తాబేలు. రొయ్యల వలలో సముద్ర తాబేళ్లు చిక్కి ఊపిరాడక చనిపోతున్నాయని అమెరికా 1989లో ఒక చట్టం చేసింది. వలలో తాబేళ్లు తప్పించుకునే ఏర్పాటు లేకపోతే ఆ రొయ్యలు కొనబోమంది. భారత్, మలేసియా, థాయ్‌లాండ్, పాకిస్తాన్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998 తీర్పు అమెరికా అమలు చేసిన పద్ధతిలో వివక్ష ఉందని తప్పుపట్టింది గానీ, అలాంటి షరతు పెట్టే హక్కును మాత్రం కాదనలేదు.

ఆ ఏర్పాటు చూడ్డానికి చాలా చిన్నది. వల గొంతులో ఏటవాలుగా ఒక చువ్వల చట్రం, దాని దగ్గర వలకు ఒక కంత, దానికో మూత. రొయ్యలు చువ్వల సందుల్లోంచి వెనక సంచిలోకి వెళ్లిపోతాయి. తాబేలు చట్రానికి తగిలి, మూత తోసుకుని బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయేలా దాన్ని ఎప్పుడో తయారు చేసింది. అయినా బోటు యజమానులు ముందుకు రాకపోవడానికి కారణం మొండితనం కాదు. అమెరికా ట్రాలర్ రొయ్య కోసమే వేటకెళ్తుంది. మన బోటు డీజిలు ఖర్చు రొయ్యతో ఒక్కదానితో తీరదు. పెద్ద చేప కూడా పడాలి. ఆ కంతలోంచి తాబేలుతో పాటు పెద్ద చేప కూడా జారిపోతుందన్నది వాళ్ల బాధ.

ఇక చెరువు రొయ్య సంగతి. 2024–25లో మన దేశం 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో 43,334 కోట్లు గడ్డకట్టించిన రొయ్యలవే. నూటికి 69 రూపాయలు ఒక్క సరుకు మీద వచ్చాయి. బయటికి వెళ్లిన 7.41 లక్షల టన్నుల రొయ్యల్లో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే. దేశంలో పండే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రదే కాబట్టి ఆ గిరాకీ వల్ల వచ్చే లాభమైనా, బెదురైనా ముందు మన ఇంటికే వస్తుంది.

ఒకే సరుకు, ఒకే పెద్ద గిరాకీ... ఈ అలవాటు విశాఖకు కొత్త కాదు. 1933లో రేవు తెరిచిందే మధ్యపరగణాల మాంగనీసును ఓడకెక్కించడానికి. కిరండూల్ నుంచి కొత్తవలసకు కొండలు తొలిచి రైలు మార్గం వేసిందీ, తర్వాత ఔటర్ హార్బర్ కట్టిందీ బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికే. సముద్రపు రొయ్యకూ ఒకప్పుడు జపానే పెద్ద దిక్కు. విశాఖ నుంచి బయల్దేరిన పెద్ద ట్రాలర్లు బెంగాల్ తీరంలోని శాండ్‌హెడ్స్ దాకా వెళ్లి టైగర్ రొయ్య పట్టుకొచ్చేవి. 1990ల మొదట్లో అలాంటివి వందకు పైనే ఉండేవి. వేట పలచబడింది, డీజిలు పెరిగింది, చెరువుల్లో టైగర్ రొయ్య చవగ్గా రావడం మొదలైంది. ట్రాలర్లు ఒక్కొక్కటే మూలపడ్డాయి.

ఆ చెరువుల సంబరమూ ఎన్నాళ్లో నిలవలేదు. 1994–95 నుంచి తెల్లమచ్చ తెగులు ఊళ్లకు ఊళ్లను ముంచింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాకే గోదావరి జిల్లాలు మళ్లీ లేచాయి. అయితే వనామీ తల్లి రొయ్యలు మనవి కావు. వ్యాధుల్లేని తల్లులను ప్రధానంగా అమెరికా కంపెనీల నుంచి కొని, విమానంలో చెన్నైకి తెచ్చి, క్వారంటైన్‌లో ఉంచి, ఆ తర్వాత హేచరీలకు ఇస్తున్నారు. అంటే విత్తనం మూలమూ అక్కడే, పంట కొనేదీ అక్కడే. ఇలాంటి వ్యాపారంలో బేరమాడే చోటు ఎక్కడ?

2025 ఆగస్టులో అది అందరికీ తెలిసొచ్చింది. 7వ తేదీ నుంచి 25 శాతం, 27 నుంచి మరో 25 శాతం అదనపు సుంకం అమెరికా మన సరుకు మీద వేసింది. అంతకు ముందే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కలుపుకుంటే మొత్తం 58 శాతం దాటింది. చట్టప్రకారం సుంకం కట్టేది అమెరికాలో సరుకు దించుకునే కంపెనీ. ఆ కంపెనీ ఎగుమతిదారుణ్ని రేటు తగ్గించమంటుంది. ఎగుమతిదారు ఏజెంటుకు చెబుతాడు. ఏజెంటు చెరువు గట్టు మీద తూకం దగ్గర ‘ఇవాళ రేటు ఇంతే’ అంటాడు. రైతు ఆగలేడు. రొయ్య రోజూ మేత తింటుంది, కరెంటు బిల్లు ఆగదు, తెల్లమచ్చ ఏ రాత్రి దిగుతుందో తెలియదు. కిలోకి ముప్ఫై తూగే రొయ్యయినా, వంద తూగేదైనా, చెప్పిన రేటుకి పట్టుబడి చేయాల్సిందే. వ్యాపారంలో పోటీ శక్తి అంటే మనవాళ్లు ఎప్పుడూ ఉత్పత్తి ఖర్చు లెక్కలే చెబుతారు. నాకైతే అసలు కొలమానం వేరేగా కనిపిస్తుంది: ‘ఈ రేటుకి ఇవ్వను’ అనగలగడం. దానికి రెండో కొనుగోలుదారు ఉండాలి.

ఈ పాఠం మనకంటే ముందు నేర్చుకున్న చిన్న దేశం ఈక్వెడార్. జనాభా దాదాపు కోటీ 80 లక్షలు, ఆంధ్రలో సగం కూడా లేదు. అరటిపళ్లకు పేరుపడ్డ ఆ దేశం 2023లో 12 లక్షల టన్నుల రొయ్యలు ఎగుమతి చేసింది, మన దేశాన్ని మించి. 1999లో తెల్లమచ్చ వాళ్లనూ కుదేలు చేసింది. వాళ్లు పెద్ద చెరువుల్లో పిల్లను పలచగా వేశారు. తెగులును తట్టుకుని బతికిన రొయ్యలనే తల్లులుగా ఎంచుకుని, తరం తర్వాత తరం సొంత విత్తనం నిలబెట్టుకున్నారు. దేశం డాలరునే సొంత కరెన్సీ చేసుకుంది కాబట్టి కూలి ఖరీదు. ఒలిచే పని మానేసి తలతో సహా చైనాకు పంపారు. మన ఒలుపు షెడ్లలో ఆడవాళ్లు తల తీసి, పెంకు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగి చేసే పనిని వాళ్లు చేయలేక దారి మార్చారన్నమాట. అయితే వాళ్లకూ ‘ఒకే గిరాకీ’ దెబ్బ తగిలింది. 2020 జులైలో ప్యాకింగ్ మీద కరోనా ఆనవాళ్లున్నాయని చైనా కొన్ని ఈక్వెడార్ కంపెనీలను నిలిపేసింది. వెంటనే వాళ్లు యంత్రాలు పెట్టి ఒలిచి, అమెరికా బజారులోకి, అంటే మన కొట్టు ముందుకే వచ్చి నిలబడ్డారు. 2025 ఆగస్టులో వాళ్ల మీద పడిన అదనపు సుంకం 15 శాతమే.

మనకు వేరే తలుపులు లేవని కాదు. యూరప్ ఉంది, అయితే యాంటీబయాటిక్ అవశేషాల భయంతో 2016 నుంచి మన చెరువు సరుకులో సగం కన్సైన్‌మెంట్లను రేవులోనే ఆపి పరీక్షిస్తోంది. ఆలస్యం ఖర్చు అమ్మేవాడిదే. ఈ అవశేషాల చిక్కును సుంకాల గొడవలా ఢిల్లీ చర్చలతో తీర్చలేం. హేచరీలో, చెరువు గట్టున మందు డబ్బా దగ్గర తీర్చాలి. ఇక సొంత ఊళ్లో తినేవాళ్ల సంగతి. 1982లో కోళ్ల వ్యాపారి బి.వి.రావు చొరవతో పుట్టిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) గుడ్డును దేశమంతా తినిపించింది. రొయ్యకు అంత గట్టి ప్రయత్నం ఇన్నాళ్లూ జరగలేదంటే, డాలరు మత్తే కారణం అనుకోవాలి.

ఇక్కడ హార్బర్ మళ్లీ గుర్తుకు రావాలి. చెరువు ఇచ్చేది ఎక్కువగా ఒకే జాతి. ఈ జెట్టీ మీద వంజరం, చందువ, కటిల్ ఫిష్, రిబ్బన్ ఫిష్, పసుపు రెక్కల ట్యూనా అన్నీ దిగుతాయి. రిబ్బన్ ఫిష్‌ను చైనా కొంటుంది. ట్యూనాకు జపాన్ సాషిమి బజారులో మంచి ధర ఉంది, కానీ పట్టిన నిమిషంలోనే రక్తం తీసి, లోపలి భాగాలు తొలగించి, ఐసులో సరిగ్గా పెట్టాలి. రోజుల తరబడి డెక్కు మీద నలిగి, జెట్టీ నేల మీద పోసి పాట పాడే చేపకు ఆ ధర రాదు. 2023 నవంబరు 19 రాత్రి అగ్నిప్రమాదంలో దాదాపు 40 బోట్లు కాలిపోయిన హార్బర్ ఇది. పరిహారం మీద జరిగినంత చర్చ ఐసు మీద, మంచినీళ్ల మీద, శుభ్రమైన వేలం షెడ్డు మీద జరిగినట్టు లేదు.

తాబేలు చట్రం బిగించినంత మాత్రాన అమెరికా మీద ఆధారపడటం తగ్గదు, నిజమే. కానీ సముద్రపు రొయ్యకు చెరువు రొయ్యతో పోటీ పడని వేరే ధర పలికే అవకాశం వస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు అల్లేవాళ్లూ ఊళ్లోనే ఉంటారు. ఒకటి రెండు సీజన్లు జారిపోయే పెద్ద చేపకు బోటుకింత పరిహారం అని లెక్కగట్టి ఎవరిస్తారన్నదొక్కటే తేలాలి. చట్రం బిగించాక అమెరికా ఇచ్చే సర్టిఫికెట్‌తో ముందు లాభపడేది ఎగుమతిదారులు కాబట్టి మొదటి వాటా వాళ్ల దగ్గర్నుంచే అడగాలి.