వాన మారిందని చిన్నాయనకి నేను చెప్పల్లనా?

పైన వీడియోలో పచ్చగా కనిపిస్తున్న చేను మా చిన్నాయనది. తీసింది మే నెలలో. గట్టు అవతల ఎర్రగా ఉన్న దుక్కి కూడా చూడండి, తేడా మీకే తెలుస్తుంది. "ఆయన్ని ఎట్లా ఒప్పించినావన్నా?" అని చాలామంది ఫోన్ చేసి అడిగారు. నిజం చెప్తా, నేను ఒప్పించలేదు. రెండేళ్లు ప్రయత్నించి ఓడిపోయా.

డిప్లొమాలో చదివిందంతా ఆయన ముందు పరిచా. కార్బన్, ఎండలు, ఫోన్‌లో గ్రాఫులు. మన అనంతపురంలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల దాకా, అది కూడా పడితే ఒక్కపూటే కుమ్మరిస్తుంది, లేదంటే నెల రోజులు మొహం చాటేస్తుంది అన్నా. ఆయన బీడీ ఆర్పి, "వాన మారిందని నాకు నీ ఫోను చెప్పల్లనా? నలభై ఏండ్లుగా చెనిక్కాయ ఏస్తాండా" అన్నాడు.

ఆయనకి తెలీక కాదు. నేను మాట్లాడేది ఆయనకి ముఖ్యమైన దాని గురించి కాదు.

షాలోమ్ ష్వార్ట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో మనుషుల విలువల్ని పది రకాలుగా విడదీశాడు. ప్రకృతి, అందరి మేలు ముఖ్యమనుకునే వాళ్లకి వాతావరణ మార్పు మీద ఆందోళన ఎక్కువని, డబ్బు, అధికారం ముఖ్యమనుకునే వాళ్లకి తక్కువని తర్వాత చాలా అధ్యయనాల్లో తేలింది. ఆ పదిలో భద్రత, సంప్రదాయం కూడా ఉన్నాయి. మా చిన్నాయన ఆ రెండింటి మనిషి. అప్పు చేయకూడదు, నాయన ఇచ్చిన చేను చెడకూడదు.

ఒక ఆషాఢంలో గాలికి చేలో మన్ను లేచి రోడ్డు మీదికి పోతాంటే చూస్తూ నిలబడ్డాడు. "అది మా నాయన మన్నురా" అన్నాడు. ఆ రోజు నేను కార్బన్ ఊసెత్తలేదు. "నేల మీద ఎప్పుడూ ఏదో ఒక పైరుంటే మన్ను లేయదు చిన్నాయనా" అన్నా, అంతే. మరుసటి ఏప్రిల్‌లో ఆయనే నవధాన్యాల విత్తనాలు అడిగాడు. బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి వానకి ముందే పొడి దుక్కిలో చల్లాం, పైన చెనిక్కాయ పొట్టు పరిచాం. ఆ చేనే మీరు చూస్తున్నది.

ఇంక నా సంగతి. అందరి మేలు గురించి ఊరంతా తిరిగి చెప్పినవాణ్ణి. నాకు గానుగ నూనె వ్యాపారం ఉంది. ఒక కరువు ఏడాది ఆర్డర్లు పోతాయని భయపడి రెండో బోరు వేయించా. నీళ్లు పడ్డాయి. నెల తిరక్కముందే పక్క చేను బోరు ఎండింది. నా బోరు వల్లే అని రుజువు లేదు, కానీ పక్క చేను అన్న నాతో మాట్లాడటం మానేశాడు. ష్వార్ట్జ్ పట్టికలో ఆ రోజు నేనెక్కడున్నానో నాకు తెలుసు. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఆ బోరు నీళ్లు ఆయన చేనికి పైపు వేసి వదులుతున్నా. మాటలు ఇంకా పూర్తిగా కలవలేదు.

వచ్చే వీడియోలో విత్తనాలకి మట్టి పట్టించేది చూపిస్తాం. చేసి చూపించేది చిన్నాయనే. మధ్యలో దూరి గ్రాఫులు చూపించకూడదని నాకు ముందే షరతు పెట్టాడు.