కృష్ణపట్నం మందు నేర్పిన పాఠం

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం పేరు చెప్పగానే ఓడరేవు గుర్తుకు వచ్చేది. 2021 మే నెలలో మాత్రం ఆ తీరగ్రామానికి జనం మందు కోసం తరలివచ్చారు. ఆసుపత్రులలో పడకలు, ప్రాణవాయువు దొరకని రోజులవి. బొనిగి ఆనందయ్య ఉచితంగా ఇస్తున్న మూలికల మందుకై మే 21న వేలాదిమంది గుమిగూడగా పంపిణీ నిలిచిపోయింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి నివేదిక అందిన పిమ్మట, మే 31న రాష్ట్ర ప్రభుత్వం లోపలికి తీసుకొనే మందుకు అనుమతి నిచ్చింది. కంటి చుక్కలకు మాత్రం ఇవ్వలేదు. హాని లేదన్నారేగాని, కరోనాను నయం చేస్తుందనుటకు ఆధారమున్నదని చెప్పలేదు. వైద్యులిచ్చిన మందులు మానవద్దని కూడ హెచ్చరించారు.

"హాని లేదు" అనుటకు, "నయం చేస్తుంది" అనుటకు చాలా అంతరమున్నది. కష్టకాలంలో ఆ అంతరం మరచుటే ప్రమాదం.

మొక్కలలో మందు లేదా?

తప్పక ఉన్నది. మలేరియాను జయించిన క్వినైన్ సింకోనా బెరడు నుండి వచ్చినదే. సంస్కృతంలో భూనింబమనే మన నేలవేములో ఆండ్రోగ్రాఫోలైడ్ అనే చేదు పదార్థమున్నది. ప్రయోగశాలలో పెంచిన ఊపిరితిత్తుల కణాలలో అది కరోనా వైరస్ వృద్ధిని అడ్డుకొన్నది. థాయ్‌లాండ్ ప్రభుత్వం 2020 డిసెంబరులో స్వల్ప లక్షణాలున్న రోగులకు దానిని ప్రయోగాత్మకంగా అనుమతించింది. అయినను రోగులపై జరిగిన పరీక్షలలో నిశ్చయమైన ఫలితం తేలలేదు.

కారణమేమి? గాజుపాత్రలోని కణానికి మందు నేరుగా తగులుతుంది. మనం మ్రింగినది జీర్ణాశయాన్ని, కాలేయాన్ని దాటవలెను. పసుపులోని కర్‌క్యుమిన్ రక్తంలోకి చేరేది అత్యల్పం. మిరియాలలోని పైపరిన్‌ను జోడిస్తే అది అనేక రెట్లు పెరుగుతుందని 1998లో బెంగుళూరు శాస్త్రవేత్తలు చూపారు. పాలలో పసుపుతోబాటు మిరియాల పొడి వేసే మన అలవాటు అర్థవంతమైనదే. కాని రక్తంలో చేరినంత మాత్రాన వైరస్ నశించినట్లు కాదు.

ఇంటిలో పాటించదగినవి

తులసి 4 భాగాలు, దాల్చినచెక్క 2, శొంఠి 2, మిరియాలు 1 భాగం చొప్పున పొడిచేసి, 3 గ్రాముల పొడిని 150 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో వేసి దినమునకు ఒకటి రెండుసార్లు త్రాగవచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2020లో సూచించింది. ఇది ఆరోగ్యరక్షణకు ఉద్దేశించినది. రోగానికి చికిత్స కాదు.

కృష్ణపట్నం మందులో జిల్లేడు పూలు వాడారని విని ఇంటిలో ప్రయత్నించరాదు. జిల్లేడును ఆయుర్వేదం ఉపవిషాలలో చేర్చింది. దాని పాలు కంటికి తగిలితే చూపు దెబ్బతినవచ్చు. ఏ పసరునూ కంటిలో వేయరాదు. గర్భిణులు నేలవేము వాడరాదు.

ఆయాసం కలిగినా, రక్తంలో ప్రాణవాయువు 94 శాతం కన్న తగ్గినా కషాయాన్ని నమ్మి ఇంటిలో ఉండిపోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. మూలికపై గౌరవం ఉండవలసినదే. దానికొరకు చికిత్సా సమయాన్ని పోగొట్టుకొనరాదు.