పశువు ఊపిరిలో వ్యాధి గుర్తులు

బాగుగా పాలిచ్చు ఆవుగాని గేదెగాని ఈనిన కొద్ది వారములకు దాణా మానివేసి, ఎండుగడ్డి మాత్రము కొరుకుచు, చిక్కిపోవుచు, పాలు తగ్గించుట మీలో పలువురు చూచియే యుందురు. దిష్టి తగిలినదని ఊరకుండుట తగదు. ఇది కీటోసిస్ అను వ్యాధి కావచ్చును.

కారణము: పాలలోని చక్కెరను పశువు తన రక్తములోని గ్లూకోజునుండి తయారు చేసికొనును. 10 లీటర్ల పాలతో దాదాపు అర కిలో చక్కెర బయటకు పోవును. ఈనిన క్రొత్తలో పశువు తినునది ఈ ఖర్చుకు చాలదు. అప్పుడది ఒంటిలోని క్రొవ్వును కరిగించుకొనును. ఆ క్రొవ్వు కాలేయమునకు మితిమీరి చేరినపుడు కీటోనులను పదార్థములు పుట్టును. వానిలో అసిటోను తేలికగా ఆవిరియగును గనుక రక్తమునుండి ఊపిరితిత్తులకు చేరి శ్వాసతో వెలువడును. రోగపు పశువు నోటివద్ద మాగిన పండువంటి వాసన వచ్చుట దీనివలననే. కాని ఈ వాసన అందరి ముక్కుకు తెలియదు.

యంత్రపు ముక్కు: శ్వాస తగిలినపుడు విద్యుత్ నిరోధము మారు సెన్సార్లు కొన్నింటిని ఒకచోట అమర్చుదురు. రక్తపరీక్షవలన రోగము కలవని, లేవని తేలిన పశువుల శ్వాసలను కంప్యూటరుకు చూపుదురు. సంతలో బేరగాడు వందల పశువులను చూచి చూచి మంచిచెడ్డలు పోల్చుకొనునట్లే, కంప్యూటరు కూడ రెండు తెగల తేడాను గ్రహించును. దీనినే యంత్రాభ్యాసము, అనగా మెషీన్ లెర్నింగ్ అందురు.

ఇందు చిక్కులు లేకపోలేదు. నెమరువేయు పశువు త్రేన్పులోని వాయువులు శ్వాసలో కలియును. మేత మారిన వాసన మారును. ఒక మందలో నేర్చిన యంత్రము తానెన్నడు చూడని మందలోను సరిగా చెప్పినపుడే దానిని నమ్మవలెను. పశువుల విషయమున ఈ యంత్రములు నేటికిని ఎక్కువగా పరిశోధనశాలలలోనే కలవు.

ఇప్పుడు చేయవలసినది:

1. అనుమానము కలిగిన వెంటనే పశువైద్యునికి చూపవలెను. మూత్రమునకు రోథెరా పరీక్ష చేసినచో కీటోనులున్నపుడు ఊదారంగు వచ్చును.

2. పశువు తూలుచు, ఒళ్లు నాకికొనుచు, పిచ్చిగా ప్రవర్తించినచో నోటిలో చేయి పెట్టరాదు. రేబిస్ కూడ కావచ్చును.

3. బెల్లము పెట్టినంతమాత్రమున చికిత్స కాదు. దానిని పొట్టలోని సూక్ష్మజీవులు పులియబెట్టును గనుక గ్లూకోజు నేరుగా రక్తమునకు చేరదు. వైద్యుడు నరమునకు గ్లూకోజు ఎక్కించును.

4. చూడి పశువును మితిమీరి క్రొవ్వనీయరాదు. ఈనిన పిదప దాణాను క్రమక్రమముగా పెంచవలెను. మంచి పచ్చిమేత పెట్టవలెను.

యంత్రము వచ్చువరకు వేచియుండ పనిలేదు. ఈనిన పశువు దాణాతొట్టిని ప్రతిదినము చూచు రైతు ఈ వ్యాధిని తొలిదశలోనే పట్టుకొనగలడు.