వేణ్ణీళ్లకు ఎండ తోడు

లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి 1.16 వాట్-అవర్ల శక్తి కావాలి. గీజరైనా, గ్యాసైనా, కట్టెల పొయ్యైనా ఈ లెక్క మారదు. స్నానానికి హాయిగా ఉండే నీటి వేడి 40 డిగ్రీలు. చలికాలంలో తెల్లవారేసరికి డాబా మీది ట్యాంకులో నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. మనిషికి పాతిక లీటర్ల చొప్పున నలుగురికి 100 లీటర్లు కాచాలంటే రోజుకు 2.3 యూనిట్ల వేడి కావాలి. నెలకు అది 70 యూనిట్లు. స్నానాల అసలు అవసరం ఇంతే. నీళ్లు ఎంతసేపు వేడిగా నిలవ ఉన్నాయి, ఎంత దూరం పైపులో ప్రయాణించాయి, ఎన్ని వాడకుండా మిగిలిపోయాయి, ఆ వేడి ఎక్కడినుంచి వచ్చింది అన్నవే ఆపైన అయ్యే ఖర్చును తేలుస్తాయి.

ఒకే వేడి, రకరకాల ఖర్చు

అదే 100 లీటర్లను మూడు రాళ్ల పొయ్యి మీద కాగులో కాస్తే మూడున్నర నుంచి నాలుగు కిలోల ఎండు కట్టెలు కాలిపోతాయి. అందులో ఆరేడు వంతుల్లో ఒక వంతు వేడి మాత్రమే నీటికి చేరుతుంది, మిగతాది గాలిలో కలుస్తుంది. మధ్యలో గొట్టం, చుట్టూ నీళ్లు ఉండే రాగి బాయిలర్ ఇంతకంటే మెరుగు, ఎందుకంటే మంట నాలుగు వైపులా నీటికి తగులుతుంది. గ్యాస్ గీజరైతే పావు కిలోకు కాస్త తక్కువ గ్యాస్ చాలు. అంటే 14.2 కిలోల సిలిండర్ ఒక్క స్నానాలకే వాడితే దాదాపు రెండు నెలలు వస్తుంది.

కరెంటు గీజర్, హీటర్ రాడ్ రెండూ తీసుకున్న కరెంటునంతా వేడిగా మారుస్తాయి. ఇంటివరకు చూస్తే ఇందులో వృథా లేదు. వృథా అంతా కరెంటు పుట్టేచోట ఉంది. బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రంలో బొగ్గు ఇచ్చిన వేడిలో సుమారు మూడో వంతే కరెంటవుతుంది. తక్కిన రెండు వంతులు చిమ్నీలోంచీ కూలింగ్ టవర్లలోంచీ పోతాయి. ఇబ్రహీంపట్నంలోనో కొత్తగూడెంలోనో అంత వేడిని పారబోసి తయారుచేసిన కరెంటును తీగల మీదుగా ఇంటికి తెచ్చి, మళ్లీ వేడిగానే వాడుకోవడం గీజర్ చేసే పని.

బిల్లు మీద గీజర్ ప్రభావం శ్లాబుల వల్ల ఇంకా పెరుగుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ వాడిన తర్వాత గీజర్ యూనిట్లు వచ్చి చేరేది పై శ్లాబులోనే. తెలంగాణలో 2024 నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. ఆ హద్దుకు దగ్గరగా వాడే ఇంటికి గీజర్ తాలూకు 70 యూనిట్లే ఉచితానికీ పూర్తి బిల్లుకూ మధ్య తేడా అవుతాయి.

డబ్బు పెట్టకముందే చేయగలిగినవి

మొదటిది నీటి కొలత. బకెట్ స్నానానికి 20 నుంచి 25 లీటర్లు సరిపోతాయి. నిమిషానికి పది లీటర్లు పోసే షవర్ కింద ఐదు నిమిషాలు నిలబడితే 50 లీటర్లు అవుతాయి. షవర్ మానలేని ఇంట్లో తక్కువ ధార వదిలే షవర్ తల బిగిస్తే వేడినీటి ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది.

రెండోది థర్మోస్టాట్. 60, 70 డిగ్రీల నీటిని చన్నీళ్లతో తొరుపుకోవడం వల్ల వృథా జరగదు, వాడిన వేడి వాడినట్టే. నష్టమంతా వాడకుండా గీజర్‌లో మిగిలిపోయిన నీటిలో ఉంటుంది. అవి ఎంత ఎక్కువ వేడిగా ఉంటే అంత త్వరగా చల్లారతాయి. అందుకే రోజువారీ వాడకానికి 50 డిగ్రీల దగ్గర పెట్టుకోవడం మేలు. అయితే గోరువెచ్చగా చాలాకాలం నిలవ ఉన్న నీటిలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే వీలుంది. కాబట్టి వారానికోసారైనా ట్యాంకును 60 డిగ్రీలకు పైగా కాచడం మంచిది.

మూడోది వేళ. 15 లీటర్ల నీటిని 20 నుంచి 60 డిగ్రీలకు చేర్చడానికి 2 కిలోవాట్ల గీజర్‌కు 20 నిమిషాలు చాలు. రాత్రి వేసి పొద్దున దాకా ఉంచనవసరం లేదు. ఇంట్లోవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు ముగిస్తే ట్యాంకులో వేడి మిగిలిపోదు.

నాలుగోది బోరు నీళ్లు. భూగర్భ జలం వేడి ఏడాది పొడుగునా ఆ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. అందుకే చలికాలంలో బావి నీళ్లు, బోరు నీళ్లు వెచ్చగా తగులుతాయి. సాయంత్రం నింపిన ట్యాంకు రాత్రంతా మంచుకు చల్లబడుతుంది. సొంత బోరున్న ఇంట్లో మోటారు పొద్దున్నే వేసుకుంటే నాలుగైదు డిగ్రీల వేడి ఉచితంగా దొరుకుతుంది. నీటి వేడిని పెంచాల్సిన 20 డిగ్రీల్లో ఇది దాదాపు నాలుగో వంతు.

గీజర్ కొనేటప్పుడు

గీజర్లు రెండు రకాలు. ట్యాంకులో నీళ్లు కాచి ఉంచే స్టోరేజ్ గీజర్లు ఒక రకం. ఒకటి నుంచి ఐదు లీటర్ల చిన్న పాత్రతో అప్పటికప్పుడు కాచి ఇచ్చే ఇన్‌స్టంట్ గీజర్లు రెండో రకం. ఇన్‌స్టంట్‌లో నిలవ నష్టం దాదాపు ఉండదు. కానీ 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ నీటి వేడిని 20 డిగ్రీలు పెంచుతూ నిమిషానికి రెండు లీటర్ల కంటే కాస్త ఎక్కువ మాత్రమే ఇవ్వగలదు. 20 లీటర్ల బకెట్ నిండడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. వంటింటి సింకుకు ఇది సరిగ్గా సరిపోతుంది, స్నానాల గదికి స్టోరేజ్ రకమే అనుకూలం. 60 డిగ్రీలకు కాగిన 15 లీటర్లకు అంతే చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 30 లీటర్లు వస్తాయి. ఒక్కరి స్నానానికి ఇది ధారాళం. అవసరానికి మించిన 25 లీటర్ల ట్యాంకు కొంటే మిగిలిన పది లీటర్లనూ రోజూ కాచి చల్లార్చినట్టే.

స్టోరేజ్ గీజర్ల మీద బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ స్టార్ లేబుల్ ఉంటుంది. నీళ్లు వాడకుండా ఉంచినప్పుడు 24 గంటల్లో ట్యాంకు ఎంత వేడి పోగొట్టుకుంటుందన్నదే ఈ నక్షత్రాలకు కొలమానం. లోపలి ట్యాంకు చుట్టూ ఉన్న ఫోమ్ ఎంత మందంగా ఉంటే నష్టం అంత తక్కువ. వాడే ముందు వేసి, వాడగానే ఆపేసే ఇంటికి ఐదు నక్షత్రాల ప్రయోజనం కొంతే. రోజంతా వేసి ఉంచే ఇళ్లకు, లాడ్జీలకు అది చాలా ఎక్కువ.

ఉప్పు నీళ్లు పడే ఊళ్లలో హీటింగ్ కాయిల్ మీద సున్నం పేరుకుంటుంది. ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు, చివరకు కాయిల్ కాలిపోతుంది. రోజువారీ వాడకంలో నీటిని 60 డిగ్రీలు దాటనివ్వకపోతే సున్నం నెమ్మదిగా పడుతుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకుకు బదులు తానే కరిగిపోవడం దాని పని, కాబట్టి సర్వీసింగ్‌లో దాన్ని చూసి అరిగితే మార్చాలి. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, పీడనం పెరిగితే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ తప్పనిసరి.

గ్యాస్ గీజర్ ఖర్చులో పొదుపరే గానీ మూసి ఉన్న స్నానాల గదిలో ప్రాణాంతకం. గాలి చాలక గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. ఈ గీజర్‌ను గది బయట, గాలి ఆడేచోటే బిగించాలి.

డాబా మీది ఎండ

ఎండతో నీళ్లు కాచే పరికరం కొత్తదేమీ కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన క్లారెన్స్ కెంప్ 1891లో దానికి పేటెంటు పొందాడు. 1909లో విలియం బెయిలీ ఎండను పట్టే పలకనూ నీటి ట్యాంకునూ వేరుచేసి, ట్యాంకు చుట్టూ వేడి పోకుండా పొర అమర్చాడు. పగలు కాగిన నీళ్లు మర్నాడు పొద్దుటిదాకా నిలిచింది ఆ మార్పుతోనే. నేటి సోలార్ హీటర్ల మూలసూత్రం అదే. ఇజ్రాయెల్ 1980లో కొత్త ఇళ్లకు వీటిని చట్టంతో తప్పనిసరి చేసింది. మన పక్కనే బెంగళూరులో విద్యుత్ సంస్థ సోలార్ హీటర్ ఉన్న ఇళ్లకు బిల్లులో రాయితీ ఇచ్చింది.

సోలార్ హీటర్‌లో మోటారు ఉండదు. వాలుగా పెట్టిన పలకలో కాగిన నీరు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, ట్యాంకు అడుగునున్న చల్లటి నీరు పలకలోకి దిగుతుంది. ఎండ ఉన్నంతసేపూ ఈ తిరుగుడు దానంతటదే సాగుతుంది. పలకల్లో రెండు రకాలున్నాయి. ఫ్లాట్ ప్లేట్ రకంలో గాజు కింద నల్లని పూత ఉన్న లోహపు రేకు, దానికి అంటుకున్న రాగి గొట్టాలు ఉంటాయి. ట్యూబుల రకంలో రెండు పొరల గాజు గొట్టాల మధ్య గాలి తీసేసి ఉంటుంది, ఫ్లాస్కులోలాగే వేడి బయటికి రాదు. ట్యూబుల రకం ధర తక్కువ, చలిలోనూ బాగా పనిచేస్తుంది, సున్నం నీటిని కొంత తట్టుకుంటుంది. అయితే కోతులు, వడగళ్ల వల్ల గొట్టం పగిలే ప్రమాదముంది. పగిలిన ఒక్క గొట్టాన్నే మార్చుకోవచ్చు. ఫ్లాట్ ప్లేట్ గట్టిది, ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ సన్నని రాగి గొట్టాలు సున్నంతో పూడుకుపోతాయి. ఉప్పు నీటి ఊళ్లలో హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న రకం తీసుకుంటే పలకలో మంచి నీరు మాత్రమే తిరుగుతుంది.

రోజుకు 100 లీటర్లకు రెండు చదరపు మీటర్ల ఫ్లాట్ ప్లేట్ పలక కావాలి. నలుగురున్న ఇంటికి ఇది సరిపోతుంది. పలక దక్షిణానికి తిరిగి ఉండాలి. తెలుగు రాష్ట్రాలు సుమారు 13 నుంచి 20 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్నాయి. వేడినీళ్లు ఎక్కువ కావలసిన చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు కాబట్టి, పలకను అక్షాంశానికి మరో పది పదిహేను డిగ్రీలు కలిపి వాల్చాలి. చల్లటి నీటి ట్యాంకు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. ఎండలో ఖాళీగా కాలిన గాజు గొట్టాల్లోకి మధ్యాహ్నం నీళ్లు వదిలితే అవి పగులుతాయి. మొదటిసారి నింపడమైనా, ఖాళీ చేసి మళ్లీ నింపడమైనా తెల్లవారుజామునే చేయాలి.

సోలార్ లాభాన్ని ఎక్కువగా తినేసేవి పైపులే. ముప్పావు అంగుళం పైపులో మీటరుకు సుమారు 0.28 లీటర్ల నీళ్లు పడతాయి. డాబా నుంచి స్నానాల గదికి 20 మీటర్లుంటే, వేడినీళ్లు వచ్చేలోపు ఐదారు లీటర్ల చన్నీళ్లు పారబోయాలి. స్నానాలయ్యాక అంతే వేడినీళ్లు పైపులో చల్లారిపోతాయి. ట్యాంకును స్నానాల గదికి దగ్గరగా పెట్టి, సీపీవీసీ పైపుకు ఫోమ్ తొడుగు వేస్తే ఈ నష్టం తగ్గుతుంది. వరస ముసురు రోజులకు ట్యాంకులో కరెంటు కాయిల్ ఉంటుంది. దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే ఎండ చేయాల్సిన పని కరెంటు చేసేస్తుంది. అవసరమైన రోజే చేత్తో వేసుకోవాలి.

గాలిలోని వేడి: హీట్ పంప్

ఫ్రిజ్‌లోని యంత్రాంగమే హీట్ పంప్‌లోనూ ఉంటుంది. ఫ్రిజ్ లోపలి వేడిని తీసి వెనకవైపు వదిలినట్టు, ఇది చుట్టూ ఉన్న గాలిలోని వేడిని తీసి ట్యాంకు నీళ్లలోకి నెడుతుంది. కరెంటు ఖర్చయ్యేది వేడి పుట్టించడానికి కాదు, దాన్ని ఒకచోటినుంచి మరోచోటికి చేర్చడానికి. అందుకే ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్లకు పైగా వేడి నీటికి చేరుతుంది. గీజర్‌కు 2.3 యూనిట్లు పట్టే 100 లీటర్లకు దీనికి 0.8 యూనిట్ చాలు. బయటి గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది కాబట్టి మన వాతావరణం దీనికి అనుకూలం. జపాన్‌లో 2001 నుంచి ఎకోక్యూట్ పేరుతో ఇళ్లకు ఇవి అమ్ముతున్నారు.

ఇబ్బందులూ ఉన్నాయి. గీజర్ కంటే ధర చాలా ఎక్కువ, చోటు కావాలి, ఫ్యాన్ చప్పుడు ఉంటుంది, నీళ్లు నెమ్మదిగా కాగుతాయి. పడమటి ఎండ తగిలే బాల్కనీలోనో డాబా మీదో పెట్టి మధ్యాహ్నం పూట నడిపిస్తే కరెంటు మరింత తగ్గుతుంది.

ఏ ఇంటికి ఏది

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కరెంటు తయారుచేసే సోలార్ పలకలకు 3 కిలోవాట్ల వరకు, గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. నీళ్లు కాచే సోలార్ హీటర్లు ఈ పథకంలో లేవు. అయితే ఒకే చదరపు మీటరు ఎండనుంచి కరెంటు పలక ఐదో వంతును పట్టుకుంటే, నీళ్లు కాచే పలక సగం దాకా పట్టుకుంటుంది.

సొంత డాబా, నీడ పడని జాగా ఉన్న ఒకటి రెండంతస్తుల ఇంటికి సోలార్ హీటర్ తేలికైన, చవకైన మార్గం. ఇప్పటికే కరెంటు పలకలు పెట్టుకున్న ఇంటికి పగలు నడిచే హీట్ పంప్ సరైన జోడీ. డాబా మీద హక్కు లేని అపార్ట్‌మెంట్ వాసికి అవసరానికి తగినంత చిన్న ఐదు నక్షత్రాల గీజర్, దానికో టైమర్ చాలు. బాల్కనీ, పెద్ద కుటుంబం ఉంటే హీట్ పంప్ ఆలోచించవచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవారికి థర్మోస్టాట్ తగ్గించడం, వేళకు వేసి వేళకు ఆపడం, షవర్ ధార తగ్గించడం ఖర్చు లేని పొదుపు. విశాఖ, విజయవాడల్లో వేడినీళ్లు ముఖ్యంగా చలి నెలల అవసరం. ఆదిలాబాద్, లంబసింగి, అరకు వైపు ఆ అవసరం పెద్దది, కాబట్టి అక్కడ సోలార్‌కో హీట్ పంప్‌కో పెట్టిన డబ్బు ముందుగా తిరిగి వస్తుంది. కొనే ముందు గత ఏడాది కరెంటు బిల్లుల్లో చలికాలపు నెలలకూ మిగతా నెలలకూ ఉన్న తేడా చూసుకుంటే, ఇంటికి వేడినీళ్ల ఖర్చు ఏటా ఎంత పడుతోందో, కొత్త పరికరం ఎన్నేళ్లలో తన ధర రాబడుతుందో లెక్క తేలుతుంది.